కోటిలింగాల నాణేలు

ఏథెన్సు నగరంలో పురావస్తు పరిశోధకులు 1931లో త్రవ్వకాలు ప్రారంభించి గ్రీకుల ప్రాచీన విపణిస్థలమైన 'అగోరా'ను వెలికితీశారు. దాని అంచులలో నాటిన రాళ్ళపై 'నేను అగోరా హద్దును' అని చెక్కి ఉన్నది. కోటిలింగాలకు అటువంటి అదృష్టం పట్టలేదు. ఇక్కడ సాక్ష్యం పలికినవి నాణేలు మాత్రమే.

జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఈ గ్రామమున్నది. ఆంధ్రులకు ప్రాకారాలుగల 30 పట్టణాలున్నవని రోమన్ రచయిత ప్లినీ వ్రాశాడు. వానిలో ఇదొకటి కావచ్చునని కొందరు చరిత్రకారుల ఊహ. ఊహకు బలమిచ్చేట్లుగా మట్టికోట, దాని బురుజుల ఆనవాళ్ళు కనిపించాయి.

1970వ దశకం చివరలో ఇక్కడ దొరికిన నాణేలను డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి ప్రకటించారు. పిమ్మట డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకాలు జరిపింది. గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు బ్రాహ్మీలిపిలో బయటపడ్డాయి. ఏ పురాణంలోనూ కానరాని రాజులు వీరు! వీరి నాణేలతోపాటు 'చిముక' పేరుగల నాణేలూ లభించాయి. నానేఘాట్ శాసనంలోని సిముక సాతవాహనుడే ఇతడని పలువురు పండితులు నిర్ణయించారు.

ఈ నిర్ణయం చిన్నది కాదు. శాతవాహనుల తొలి రాజ్యం పశ్చిమ దక్కనులో, ప్రతిష్ఠానం చుట్టూ వెలసిందని అంతకుముందు అనేకులు భావించేవారు. వంశమూలపురుషుని నాణేలు గోదావరి మధ్యతీరాన దొరకడంతో ఆ వాదం సడలింది. అయితే నాణెం సంచరించే వస్తువు. వర్తకుని మూటలో ఎంత దూరమైనా పోగలదు. కాబట్టి ఒక్క నాణెంతో రాజధానిని నిర్ణయించడం తొందరపాటే. కానీ ఒకేచోట శాతవాహనులకు ముందటి స్థానిక రాజుల నాణేలు, చిముకుని నాణేలు, ఆపై తరాలవారి నాణేలు కూడా లభించినప్పుడు మాట వేరు. అది దారితప్పి వచ్చిన ధనం కాదు, తరతరాలుగా క్రయవిక్రయాలు సాగిన పట్టణపు చెలామణి. ఈ ప్రాంతానికి చేరువనే ఉన్న పెద్దబంకూరులోనూ శాతవాహన నాణేలు వేలసంఖ్యలో దొరకడం గమనార్హం.

అంగడి ఏ వీథిలో ఉండెనో, దుకాణాలు ఏ వైపునకు తెరచుకొనెనో నాణెం చెప్పదు. దానికి మట్టిపొరలనే అడగాలి. త్రవ్వినది కొద్ది భాగమే. ఇంతలో గోదావరిపై సుమారు 20 టి.ఎం.సి.ల సామర్థ్యంతో శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నిర్మితమైంది. సాగునీటికి, తాగునీటికి అది ఆధారమే. దాని వెనుకనీరు మాత్రం కోటిలింగాల దాకా విస్తరించింది.