కత్తికి ముందు కంచం

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఆరా తీసేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది "ప్యాకేజీ ఎంతవుద్దండీ?" అని. విశాఖలో ఆరిలోవ హెల్త్ సిటీకి వెళ్లినా, రామ్‌నగర్ ఆస్పత్రుల వీధుల్లో తిరిగినా మొదలు అక్కడే. జవాబు కూడా చప్పున వచ్చేస్తుంది, ఈఎంఐ వివరాలతో సహా. ఆ ప్రశ్నను చివరికి నెట్టి మిగతావన్నీ ముందు అడిగితే, కొందరికి అసలు ఆపరేషనే అక్కర్లేదని తేలుతుంది. అవసరమని తేలినవాళ్లు కాస్త తయారై వెళ్తారు.

బరువు సమస్య ఉన్నవాళ్లు తక్కువేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. విశాఖ లాంటి ఊళ్లో దీనికి షిఫ్టు డ్యూటీలు తోడు. రాత్రంతా స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో మేలుకుని, తెల్లారి కూర్మన్నపాలెం జంక్షన్‌లో పూరీ తిని, కర్టెన్లు దించుకుని పడుకునే మనిషికి "పొద్దున్నే బీచ్‌రోడ్డులో నడవండి" అని చెప్పడం తేలిక. నిద్ర చెదిరితే ఆకలి హార్మోన్లూ గతి తప్పుతాయి. ఊబకాయాన్ని బద్ధకం ఖాతాలో రాసేసే చుట్టాలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ముందు ఒక అపోహ తీరాలి. 'నువ్వు నాకు నచ్చావ్' కథానాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. నేటికీ మన ఇళ్లలో బరువు ఆపరేషన్ మాటెత్తితే ఎవరో ఒకరు ఆమె పేరు తీస్తారు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం. అది ఒంటి తీరు సరిచేసుకోవడానికి చేసేది, ఊబకాయానికి వైద్యం కాదు. బరువు తగ్గించే ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ సర్జరీ, జరిగేది జీర్ణాశయం మీద. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నని సంచి. తీసేసిన భాగం మళ్లీ రాదు. బైపాస్‌లో చిన్న సంచి కట్టి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. అప్పటికే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు స్లీవ్‌తో అవి ముదరొచ్చు. అందుకే ఏ పద్ధతో తేల్చే ముందు ఎండోస్కోపీ చేయమని మీరే అడగండి.

ఎవరికి చేయొచ్చన్న లెక్క దగ్గర అసలు చిక్కుంది. బరువును కిలోల్లో రాసి, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు గీసిన గీత 40. మధుమేహం లాంటి జబ్బులుంటే 35. ఈ రంగంలోని రెండు పెద్ద వైద్య సంఘాలు 2022లో దాన్ని దించాయి. జబ్బులున్నా లేకున్నా 35 దాటితే సిఫారసు చేయొచ్చన్నాయి. మనలాంటి ఆసియావాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మన బీమా మాత్రం పాత గీత దగ్గరే ఆగిపోయింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 దాటి, గుండెజబ్బో తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగడం) అదుపు తప్పిన షుగరో ఉండాలి. ఇతర మార్గాలు ఫలించలేదని కూడా చూపాలి.

అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 27.5 అంటే దాదాపు 75 కిలోలు. 35 అంటే 95, 40 అంటే 109. ఆ ఎత్తుకు 85 కిలోలుండి, షుగరు లొంగని మనిషికి డాక్టరు 'చేయొచ్చు' అంటారు, బీమా కంపెనీ 'కుదరదు' అంటుంది. నన్నడిగితే ఇది అన్యాయమే. కానీ వాదించడానికి ఆస్పత్రి క్యాష్ కౌంటర్ సరైన చోటు కాదు. పాలసీ కాగితం ముందే చదువుకోవాలి. డైటీషియన్ చీటీలు, పాత షుగరు రిపోర్టులు తేదీలవారీగా ఫైల్లో పెట్టుకోవాలి. స్టీల్‌ప్లాంటు, పోర్టు ఉద్యోగులైతే తమ సంస్థ ఆస్పత్రిలో రిఫరల్ సంగతి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆపరేషన్ చేసే సర్జన్‌తో సంబంధం లేని రెండో డాక్టరును కూడా కలవాలి. విశాఖ ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) విభాగం ఉంది. బరువుకు కారణం థైరాయిడో కుషింగ్స్ వ్యాధో అయితే దారే మారిపోతుంది.

ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో జనం తేలిగ్గా తీసుకునేది నిద్ర పరీక్ష. "మా ఆయన గురక పెడతారంతే" అని నవ్వేస్తారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు. డ్యూటీలో క్రేన్ మీద కూర్చున్న మనిషికి కునుకు పట్టడానికి అదే కారణం కావొచ్చు. మత్తు మందు ఇచ్చేటప్పుడూ ప్రమాదమే. నిద్రలో గాలి అందించే సీప్యాప్ యంత్రం రాసిస్తే ఆపరేషన్‌కు ముందు నుంచే వాడటం అలవాటు చేసుకుని, ఆస్పత్రికీ వెంట తీసుకెళ్లాలి. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందు ఆపాలి.

ఇక వంటిల్లు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు అన్నం, నూనె బాగా తగ్గించి తినమంటారు. కొవ్వుతో ఉబ్బిన కాలేయం కాస్త కుంచించుకుంటే సర్జన్‌కు జీర్ణాశయం చక్కగా అందుతుంది. తర్వాత నాలుగైదు వారాలు ద్రవాలు, మెత్తటి ముద్దలే. ఆపై జీవితమంతా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ చిన్న పొట్టలోకి చేరాలి. ఒక గుడ్డుతో దక్కేది ఆరు గ్రాములే. వంద గ్రాముల వంజరం చేప ముక్కతో దాదాపు ఇరవై. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరికి ఇదేం కష్టం కాదు గానీ, వేపుడు మానేసి పులుసుకో ఆవిరికో మారాలి. కంచం పక్కన నీళ్ల గ్లాసు పెట్టడం మన మర్యాద. ఆ గ్లాసు లేవాలి. తినే ముందు, తిన్నాక అరగంట నీళ్లు తాగకూడదు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్-డి మాత్రలు ఆరు నెలల కోర్సు అనుకునేరు. ఆయుష్షు ఉన్నన్నాళ్లూ వేసుకోవాలి.

ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే నెల రోజులు ఇంట్లో సాధన చేయాలంటాను. అర ఇడ్లీని ఇరవై నిమిషాలు నమలడం చేతకానివాళ్లకు ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్కసారిగా రాదు. పెళ్లి పంక్తిలో "ఏటమ్మా, అంతేనా తిండి?" అని వడ్డించబోయే పెద్దమ్మకు చెప్పే మాట కూడా ముందే సిద్ధం చేసుకోవాలి.

పెళ్లి అంటే గుర్తొచ్చింది. సంబంధాలు చూస్తున్నామని ఆడపిల్లను ఆపరేషన్‌కు తొందరపెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. సర్జరీ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకూడదని వైద్యులు చెబుతారు. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, తర్వాత చాలావరకు తిరిగొస్తుంది. ఆ పిల్ల తనకోసం తాను అడగనిదే, ఎంత మంచి సర్జన్ దొరికినా నేను వద్దనే అంటాను.

మందుల మాటా ఉంది. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఆకలిని తగ్గించే ఇంజెక్షన్లివి. ఆపేస్తే బరువు చాలామందిలో తిరిగొస్తుంది. కత్తి దాకా వెళ్లే ముందు వీటి గురించి డాక్టరును అడగడం తప్పేం కాదు.

2024 ఏప్రిల్‌లో చెన్నై శివారులోని ఒక ఆస్పత్రిలో బరువు ఆపరేషన్‌కు వెళ్లిన పుదుచ్చేరి యువకుడు ప్రాణం కోల్పోయాడు. తమిళనాడు ప్రభుత్వం విచారణ జరిపించింది. కాబట్టి ఐసీయూ అదే భవనంలో ఉందా, రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా, ఈ సర్జన్ ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారు, కుట్లు లీకైనవి ఎన్ని, రెండేళ్ల తర్వాత నన్ను చూసేదెవరు అని మొహమాటం లేకుండా అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట ప్యాకేజీ ఎంత చవకైనా లేచి వచ్చేయండి.

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో చేయించుకుని మూడో రోజు రైలెక్కేవాళ్లకు ఒక జాగ్రత్త. మొదటి వారాల్లో జ్వరం, కడుపునొప్పి, కూర్చున్నా గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం లీకుకు గుర్తులు కావొచ్చు. అలాంటి రాత్రి వస్తే విశాఖలో ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆపరేషన్ తేదీ తీసుకున్నరోజే తేల్చుకుని, ఆ నంబరు ఇంట్లోవాళ్ల ఫోన్లలో కూడా వేసి ఉంచండి.