అట్లాంటిక్‌కి అటూ ఇటూ దరువు

ఏమర్రా పిల్లలూ, ముందు ఒక చిన్న పని చెయ్యండి. వాకిట్లోకి వెళ్ళి, ఏ తొందరా లేకుండా మామూలుగా నడవండి. గడియారం చూసుకుంటూ నిమిషంలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. ఒకరికీ ఇంకొకరికీ కాస్త తేడా ఉంటుంది కానీ, చాలామందికి 110కీ 120కీ మధ్య తేలుతుంది.

2005లో మాక్‌డూగల్, మూర్ అని ఇద్దరు పరిశోధకులు, రోజువారీ పనుల్లో ఉన్న మనుషుల తలలకి కదలికను కొలిచే పరికరాలు తగిలించి చూశారు. ఆడా మగా, పొట్టీ పొడుగూ, లావూ సన్నం, ఎవరిని చూసినా ఒంటి ఊపు సెకనుకి రెండుసార్ల దగ్గరే వచ్చి నిలబడింది. అంటే నిమిషానికి 120. ఇప్పుడు క్లబ్బుల్లో వేసే హౌస్ సంగీతం వేగమెంతో తెలుసా? నిమిషానికి 120 నుంచి 128 దెబ్బలు. మన కాళ్ళ లెక్క చూసి కుట్టించుకున్న చొక్కాలా సరిపోయింది కదూ!

"అందరి కాళ్ళూ ఒకటే అయితే, అమెరికావాళ్ళు ఒక రకం పాటకీ యూరప్‌వాళ్ళు ఇంకో రకానికీ ఎందుకు ఊగుతారు తాతయ్యా? అసలు నువ్వెప్పుడైనా క్లబ్బుకెళ్ళావా?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. వెళ్ళలేదు. శనిగ్రహానికి కూడా వెళ్ళలేదు. దాని వలయాల గురించి చెబితే నోరు తెరుచుకుని విన్నారుగా, ఇదీ వినండి.

తేడా ఉన్నమాట నిజమే. అమెరికాలో మామూలు డాన్సు ఫ్లోరు మీద ఎక్కువగా వినిపించేది హిప్‌హాప్, ఆర్ అండ్ బీ. గొంతు ఉండాలి, మాట ఉండాలి, తెలిసిన పల్లవి రాగానే అందరూ అందుకోవాలి. వేగం కూడా తక్కువే, చాలా పాటలు నిమిషానికి 85కీ 100కీ మధ్య నడుస్తాయి. బెర్లిన్‌లో అయితే పల్లవీ లేదు, చరణమూ లేదు. మాటన్నది లేకుండా టెక్నో 130కి అటూ ఇటూ వేగంతో గంటల తరబడి దంచుతూనే ఉంటుంది. డెట్రాయిట్‌లోనూ బ్రూక్లిన్‌లోనూ టెక్నో అంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు, యూరప్‌లో హిప్‌హాప్ అభిమానులకీ కొదవ లేదు. నేను చెప్పేది గుంపు మొగ్గు గురించి.

మొదట చెవి సంగతి చూద్దాం. 2005లోనే ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉత్తర అమెరికా పసిపిల్లలకి బాల్కన్ దేశాల జానపద బాణీలు వినిపించారు. వాటిలో లయ ఏడు మాత్రలది. మధ్యలో లయని కావాలని చెడగొట్టి, పిల్ల గుర్తుపట్టిందో లేదో దాని చూపుని బట్టి కనిపెట్టారు. ఆరునెలల పిల్లలు ఠక్కున పట్టేశారు. అక్కడే పెరిగిన పెద్దవాళ్ళు తడబడ్డారు. ఏడాది నిండిన పిల్లలు కూడా అప్పటికే పెద్దవాళ్ళలా తయారయ్యారు! కానీ ఆ ఏడాది పిల్లలకి ఇంట్లో రెండు వారాలపాటు రోజూ కాసేపు బాల్కన్ పాటలు వినిపిస్తే, పోయిన నేర్పు తిరిగొచ్చింది. పెద్దవాళ్ళకి మాత్రం అంత తేలిగ్గా రాలేదు.

ఏడు మాత్రలంటే మనలో సంగీతం వింటూ పెరిగినవాళ్ళకి వింతేమీ కాదు. మాసిడోనియావాళ్ళు లెస్నోటో అనే నాట్యానికి మూడు, రెండు, రెండుగా విరిచి అడుగు వేస్తారు. మన మిశ్రచాపు విరుపు కూడా అదే కదా! చెవి పుట్టుకతో ఏ దేశానిదీ కాదు. ఇంట్లో ఏది మోగితే దాని చుట్టూ బిగుసుకుంటుంది.

అమెరికా ఇళ్ళలో ఏం మోగింది? నల్లజాతివారి చర్చిల్లో పాడే గాస్పెల్, దాని వెనక బ్లూస్, సోల్. నాలుగు దెబ్బల ఆవృతంలో రెండోదానికీ నాలుగోదానికీ చప్పట్లు పడతాయి. యూరప్‌లో కవాతు పాటలూ పోల్కాలూ వింటూ పెరిగిన చెయ్యి ఒకటో దెబ్బకీ మూడోదానికీ లేస్తుంది. హ్యారీ కానిక్ జూనియర్ అనే అమెరికన్ పియానో కళాకారుడు ఫ్రాన్స్‌లో కచేరీ చేస్తుంటే, జనం ఉత్సాహంగా ఒకటికీ మూడుకీ చప్పట్లు మొదలెట్టారు. పాపం ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. పియానో వాయిస్తూనే ఒక దెబ్బ అదనంగా ఇరికించాడు. దాంతో జనం చేతులు వాటంతట అవే రెండుకీ నాలుగుకీ సర్దుకున్నాయి. వాళ్ళకి తెలియనే లేదు! నాకు చాలా ఇష్టమైన చమత్కారం ఇది.

ఇక్కడ నా సొంత ఊహ ఒకటి చెబుతాను, శాస్త్రం అనుకోకండి. టెక్నోలో ప్రతి దెబ్బకీ డ్రమ్ము ఒకేలా పడుతుంది కాబట్టి, చప్పట్లు ఎక్కడ కొట్టాలన్న పేచీ లేదు. పైగా మాటలూ లేవు. నాలుగు గంటలు రైలెక్కితే భాష మారిపోయే ఖండంలో, ఏ భాషా లేని పాట అందరిదీ అవుతుంది. అమెరికాలో ఆ అవసరం లేదు, ఈ చివర పాడింది ఆ చివర అర్థమవుతుంది.

ఇంతకీ ఈ హౌస్, టెక్నో యూరప్ సరుకనుకుంటున్నారేమో! రెండూ పుట్టింది అమెరికాలోనే, నల్లజాతి కుర్రాళ్ళ చేతుల్లో. 1977లో షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు మొదలైంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకల్స్ అక్కడ డిస్కో రికార్డులు వేసేవాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు. బయట వాళ్ళని ఆదరించే చోట్లు తక్కువ.

అదే ఊళ్ళో 1979 జులై 12న ఇంకో ముచ్చట జరిగింది. స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాతకి డిస్కో అంటే పడదు. కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో రెండు ఆటల మధ్య విరామంలో, పెట్టెడు డిస్కో రికార్డుల్ని బాంబు పెట్టి పేల్చేశాడు. జనం కేకలు వేస్తూ మైదానంలోకి దూకారు, రెండో ఆట జరగనే లేదు. ఆ రోజు అక్కడ ప్రేక్షకులకి సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. జనం తెచ్చి పారేసిన వాటిలో డిస్కో కాని నల్లజాతి గాయకుల రికార్డులు కూడా ఉండటం అతను గమనించాడు. అయిదేళ్ళ తరవాత, 1984లో, జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' అనే రికార్డు తెచ్చింది ఆ కుర్రాడే. హౌస్ సంగీతంలో తొలి రికార్డుల్లో అదొకటి.

ఆ షికాగో కుర్రాళ్ళ దగ్గర వాద్యబృందాలకి డబ్బులేవి? జపాన్ రోలండ్ కంపెనీ అప్పట్లో టీబీ-303 అని ఒక పెట్టె చేసింది. గిటారు సాధన చేసేవాళ్ళకి పక్కన బేస్ వాయించిపెట్టడం దాని పని. అది అచ్చం బేస్ గిటారులా మోగకపోయేసరికి పెద్దగా ఎవరూ కొనలేదు, పాత సామాన్ల దుకాణాలకి చేరింది. షికాగో కుర్రాళ్ళు దాన్ని చవగ్గా కొని, మీటలు అటూ ఇటూ తిప్పారు. అందులో స్వరంలోని పై పౌనఃపున్యాల్ని కోసేసే ఫిల్టరు ఉంటుంది. కోత పెట్టే అంచు దగ్గరి ధ్వనిని అది ఉబ్బిస్తుంది కూడా. ఆ అంచుని పాట మధ్యలో జరుపుతూ పోతే, శబ్దం కీచుమంటూ, జారుతూ, నీళ్ళు పుక్కిలించినట్టు అవుతుంది. 1987లో ఫ్యూచర్ బృందం తెచ్చిన 'యాసిడ్ ట్రాక్స్' అలా పుట్టింది. పనికిరాని పెట్టె ఒక కొత్త సంగీతానికి తల్లయింది!

డెట్రాయిట్ దగ్గర బెల్‌విల్‌లో చదువుకున్న హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నో అల్లారు. వాళ్ళకి జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ పాటలంటే మోజు. అంటే అప్పటికే సరుకు అటూ ఇటూ తిరుగుతోందన్నమాట.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదే జరిగింది. అమెరికా రేడియోలకి డిస్కో వాసన తగిలితే చాలు, తలుపు మూసేవి. అదే హౌస్ పాట, షికాగోవాడైన స్టీవ్ 'సిల్క్' హర్లీది, 1987 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. 1989లో బెర్లిన్ గోడ కూలింది. తూర్పు వైపు భవనాలు ఖాళీ, వాటి యజమానులెవరో తేలని పరిస్థితి. 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగలోని ఖజానా గదిలో ట్రెసోర్ క్లబ్బు తెరిచారు. అందులో డెట్రాయిట్ సంగీతం మోగింది. బ్రిటన్‌ని మరీ మెచ్చుకోకండి, 1994లో అక్కడి పార్లమెంటు ఆరుబయట జరిగే రేవ్ అనే డాన్సు పార్టీలని అణచడానికి చట్టం చేస్తూ, ఒకే దరువు మళ్ళీ మళ్ళీ రావడాన్ని కూడా నిర్వచనంలోకి ఎక్కించింది.

ఇంకో ఇరవై ఏళ్ళకి ఆ సరుకే ఈడీఎం అనే కొత్త పేరుతో అమెరికాకి తిరిగొచ్చింది. ఫ్రాన్స్ నుంచి డేవిడ్ గెట్టా, నెదర్లాండ్స్ నుంచి టియెస్టో వచ్చి లాస్ వేగస్‌ని ఊపారు. వచ్చినప్పుడు రూపం మారింది. ఎందుకో చెప్పాలంటే గడియారం చూడాలి.

కాలిఫోర్నియాలో రాత్రి రెండింటికి మద్యం అమ్మకం ఆపెయ్యాలి. న్యూయార్క్‌లో నాలుగింటి దాకా. పైగా 1984 చట్టం వల్ల అమెరికా అంతటా 21 నిండితేనే మద్యం, చాలా క్లబ్బుల్లో ప్రవేశం కూడా అప్పుడే. పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే మూసివేత వేళల్ని ఎత్తేశారు. బెర్గ్‌హైన్ అనే క్లబ్బులో శనివారం రాత్రి మొదలైన ఆట సోమవారం పొద్దున్న దాకా సాగుతుంది.

ఇప్పుడు మెదడు వైపు రండి. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవాళ్ళు తేల్చిందేమంటే, ఇష్టమైన పాట వింటున్నప్పుడు డోపమిన్ అనే రసాయనం రెండుసార్లు ఊరుతుంది. అసలు ఘట్టం వచ్చినప్పుడు ఒక చోట, అది రాబోతోందని ఎదురుచూసేటప్పుడు మెదడులో ఇంకో చోట. ఈడీఎంలో డ్రాప్ అంటారే, అది ఈ సూత్రం మీదే నిలబడింది. దరువు ఆపి, శబ్దాన్ని పైపైకి ఎక్కించి, ఊపిరి బిగబట్టించి, ఒక్కసారిగా వదలడం. గంట, గంటన్నర మాత్రమే దొరికిన డీజే నాలుగు నిమిషాలకోసారి వదిలితే గానీ జనానికి డబ్బు గిట్టదు. ఎనిమిది గంటలు చేతిలో ఉన్నవాడు ఆ ఎదురుచూపునే నలభై నిమిషాలు సాగదీస్తాడు. అమెరికావాళ్ళకి ఓపిక లేదని యూరప్‌వాళ్ళు వెక్కిరిస్తుంటారు. లేనిది ఓపిక కాదు, వేళ.

ఇక గదుల తేడా. 50 హెర్ట్జ్ బేస్ అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. కాంక్రీటు గోడల మధ్య అది తిరిగి తిరిగి ఒంటికి తగులుతుంది. బయలులో పండగ పెడితే గోడల్లేవు, బేస్ పరుచుకుపోయి పలచబడుతుంది. లండన్ దక్షిణాన క్రొయ్‌డన్‌లో పుట్టిన డబ్‌స్టెప్ అచ్చంగా లోతు బేస్ మీద బతికింది. అది అమెరికా చేరాక, అంతకుముందు రాక్ బృందంలో గొంతు చించుకుని పాడిన స్క్రిలెక్స్ చేతిలో, 2010 నాటికి కరకరలాడే మధ్యస్థాయి శబ్దంగా మారింది. గిటారు రొదకి అలవాటుపడ్డ చెవులకీ, ఆరుబయటి వేదికలకీ, ల్యాప్‌టాప్ స్పీకర్లకీ అదే అందుతుంది మరి.

లోతు బేస్ చెవికి వినపడకపోయినా పని చేస్తుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఆర్ఫెక్స్ అనే జంట నిజమైన కచేరీ చేస్తుంటే, 8 నుంచి 37 హెర్ట్జ్ శబ్దమిచ్చే స్పీకర్లని రెండున్నర నిమిషాలకోసారి వేస్తూ ఆర్పుతూ చూశారు. అవి ఎప్పుడు మోగాయో జనానికి తెలియలేదు. కానీ మోగినప్పుడు 11.8 శాతం ఎక్కువ ఊగారు. 2022లో ఈ ఫలితం అచ్చయింది.

ఏదర్రా, ఎవరి ఫోనులోనో టెక్నో సన్నగా వినపడుతోంది! ఆ బుల్లి స్పీకరు 40 హెర్ట్జ్ పలకలేదు. దాన్ని హాల్లో ఉన్న పెద్ద స్పీకరుకి కలిపి, అరచెయ్యి దాని జాలీ మీద ఆనించండి. వేసేముందు బామ్మ లేచిందో లేదో ఒకసారి చూసి రండి.