చంద్రునిపై బెత్తెడు శిల్పము

శిల్పి తన విగ్రహమును ఆలయమునందో కూడలియందో నిలుపబోవునపుడు, వెలుగు దానిపై ఏ దిక్కునుండి పడునో, చూపరి యెంత దూరమున నిలుచునో ముందే యోచించుకొని ఉలి పట్టును. ఆకాశమునకు పంపు శిల్పమునకు చూపరి లేడు. దానికి లెక్కకు వచ్చునవి తూకము, తాపము, శూన్యము. అట్టి శిల్పకర్మయందు చెక్కుటకంటె విడిచిపెట్టుటయే పెద్దపని యనుటకు, 1971లో చంద్రునిపై నుంచబడిన యొక చిన్న మూర్తి చక్కని నిదర్శనము.

బెల్జియము దేశపు శిల్పియగు పాల్ వాన్ హోయ్‌డాంక్ దానిని అల్యూమినియముతో చేసెను, పొడవు 8.5 సెంటీమీటర్లు, అనగా బెత్తెడుకు కొంచెమెక్కువ. అపోలో 15 యాత్రకు నాయకుడైన డేవిడ్ స్కాట్ చెప్పిన ప్రకారము, ఆ బొమ్మ తేలికగాను దృఢముగాను ఉండవలెను. చంద్రునిమీది వేడిమికిని చలికిని ఓర్వవలెను. స్త్రీయనిగాని పురుషుడనిగాని, ఫలానా జాతివాడనిగాని పోల్చుకొనుటకు వీలుపడరాదు. మొదటి రెండు నియమములును లోహమును నిర్ణయించినవి. గాలిపొర లేని ఆ నేలపై, మన లెక్కకు రెండు వారములు సాగు పగటియందు వేడిమి సుమారు 120 సెంటీగ్రేడు డిగ్రీలకు పెరిగి, అంతే దీర్ఘమైన రాత్రియందు సున్నకు దిగువ 130 డిగ్రీలను దాటి పడిపోవును. అంతటి హెచ్చుతగ్గులకు అతుకులు వీడును. శూన్యమున కొన్ని రంగులనుండియు జిగురులనుండియు ఆవిరులు వెలువడి పరికరముల అద్దములపై పేరుకొనును. కడపటి నియమము ముఖమును తుడిచివేసినది. వ్యోమగామి కవచము ధరించిన ఆకృతి మాత్రమే మిగిలినది.

ఆ యాత్రకు నెలనాడు ముందు సోయుజ్ 11 నౌకలో ముగ్గురు సోవియట్ వ్యోమగాములు తిరుగుప్రయాణమున మరణించియుండిరి. వారితో కలిపి అమెరికా, సోవియట్ ఉభయదేశముల మృతవీరులు 14 మంది పేర్లు గల ఫలకము చెంత, హాడ్లీ లోయ సమీపమున, స్కాట్ ఆ మూర్తిని ధూళిలో పరుండబెట్టెను. యాత్రికులు భూమికి మరలివచ్చిన పిమ్మటగాని ఆ సంగతి లోకమునకు తెలియలేదు. శిల్పి మాత్రము, తాను చేసినది మృతుల స్మారకము కాదనియు, నక్షత్రములవైపు సాగు మానవజాతికి ప్రతీకయనియు, కనుక అది నిలిచియుండవలసినదనియు వాదించెను. 1972లో దాని ప్రతులు 950 చేసి, ఒక్కొక్కటి 750 డాలర్లకు విక్రయింప సంకల్పించగా, ఈ కార్యమున వ్యాపారము కూడదను స్కాటును, నాసా సంస్థయు అడ్డుచెప్పుటచే, ఆ యత్నము ఆగిపోయినది.

తరువాతివారికిని లోహమే దిక్కైనది. 2011లో గురుగ్రహమునకు బయలుదేరిన జూనో నౌకలో లెగో బొమ్మలు మూడు, గెలీలియో, జూపిటర్, జూనో అను రూపములతో, ప్లాస్టిక్కుకు మారుగా అల్యూమినియముతో చేయబడి ప్రయాణించినవి. 2024 ఫిబ్రవరిలో అమెరికా శిల్పి జెఫ్ కూన్స్ చేసిన 125 ఉక్కు గోళములు, ఒక్కొక్కటి అంగుళము మేర వ్యాసముతో, పారదర్శకమైన పెట్టెలో చంద్రుని దక్షిణధ్రువప్రాంతమునకు చేరినవి. వానిని మోసిన ఒడిస్సియస్ నౌక దిగుచునే ఒరిగిపోయెను. అయినను గోళమునకు నిలుచుట యనియు పడుటయనియు భేదము లేదు గనుక, ఆ శిల్పమునకు అర్థహాని కలుగలేదు. నౌక తలుపు మూయబడిన క్షణముతో శిల్పి అధికారము ముగియును. తన మూర్తిని ఎవరు, ఏ భంగిమలో, ఏ తాత్పర్యముతో ఉంతురో తన చేతిలో లేనపుడు, ఎటు ఒరిగినను భావము చెడని రూపమును ముందే ఊహింపగలుగుటయే ఈ విద్యలో కడపటి నేర్పు.