పేరు సంపాదించడం ఒక ఎత్తు... నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు!

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు మన పెద్దలు. "పేరు గొప్ప ఊరు దిబ్బ" అన్నదీ వాళ్లే. మొదటి సామెత మాట ఎలా ఉండాలో చెబుతుంది. రెండోది ఆ మాట వెనుక పని లేకపోతే ఏమవుతుందో చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి ఇప్పుడు కాలేజీల్లో 'కమ్యూనికేషన్', 'బ్రాండ్' అని పాఠాలు చెబుతున్నారు.

బ్రాండ్ అంటే పెద్ద కంపెనీల వ్యవహారమనీ, మనకు సంబంధం లేదనీ చాలామంది అనుకుంటారు. నిజానికి పశువులు తప్పిపోకుండా కాల్చిన ఇనుముతో వేసే ముద్ర నుంచే ఆ ఇంగ్లీషు మాట పుట్టింది. 'ఇది ఫలానా వాళ్లది' అని తెలిపే గుర్తు అన్నమాట. మనం లేనిచోట మన గురించి నలుగురూ అనుకునేదే మన బ్రాండ్. తమ్ముళ్లూ! మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లం. తాతల ఆస్తి లేదు, సిఫారసు చేసే బంధువులు లేరు. మనకున్న పెట్టుబడి మన పేరొక్కటే. అందుకే ఈ విషయం మనకే ఎక్కువ అవసరమని మేము అనుకుంటున్నాం.

పోచంపల్లి నేర్పిన పాఠం

దీనికి దూరం వెళ్లి ఉదాహరణ వెతకనక్కర్లేదు. 2016లో జిల్లాలు విడిపోకముందు మన ఉమ్మడి నల్లగొండలోనే ఉన్న ఊరు పోచంపల్లి. 1951లో వినోబా భావే భూదానోద్యమం అక్కడ మొదలైంది కాబట్టి భూదాన్ పోచంపల్లి అయింది. అక్కడి చేనేత ఇంకా పేరున్నది. దారాన్ని డిజైన్ ప్రకారం ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. ముడి కట్టినచోట రంగు అంటదు. ఇదే ఇక్కత్.

అయితే పేరు వచ్చినచోటే నకలు కూడా వస్తుంది. ఆ డిజైన్లనే మామూలు బట్ట మీద మిషన్లతో అచ్చు వేసి, పోచంపల్లి పేరుతో తక్కువ ధరకు అమ్మడం మొదలైంది. రోజుల తరబడి మగ్గం మీద కూర్చున్న నేతన్న ఆ ధరతో పోటీ పడేదెలా?

అప్పుడు అక్కడి సహకార సంఘం, చీరల తయారీదారుల సంఘం కలిసి చట్టం దారి పట్టాయి. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఒక ప్రాంతానికే చెందిన వస్తువు పేరును వేరేవాళ్లు వాడుకోకుండా కాపాడే చట్టమిది. దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి కొన్ని వస్తువుల్లోనే డార్జిలింగ్ టీతో పాటు మన పోచంపల్లి ఇక్కత్ కూడా ఉంది.

ఇక్కడితో కథ అయిపోలేదు. గుర్తింపు వచ్చినా నకలు చీరలు ఆగిపోలేదు. ఎందుకంటే కొనేవాళ్లకు తేడా తెలియాలి కదా! ఇక్కత్‌లో దారానికే రంగు ఉంటుంది కాబట్టి రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన బట్టకు సాధారణంగా వెనుక వైపు రంగు వెలవెలబోతుంది. ఈ ఒక్క ముక్క కొనేవాళ్లకు చెప్పగలిగితే అది సగం రక్షణ. అంటే చట్టం ఒక కాలు అయితే, మాట రెండో కాలు. రెండూ ఉంటేనే పేరు నిలబడుతుంది.

అమ్మ పేరు పెట్టిన యంత్రం

చింతకింది మల్లేశం గారి గురించి వినే ఉంటారు. ఆయనదీ ఆలేరు దగ్గరి ఊరే. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే ఒక్కో చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక, పెద్ద చదువులు లేకపోయినా, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి 'లక్ష్మి ఆసు యంత్రం' అని అమ్మ పేరే పెట్టారు. తర్వాత పేటెంటు పొందారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది మూడు సంగతులు. పని నిజమైనది. పేరు వినగానే అది ఎవరికోసం పుట్టిందో తెలుస్తుంది. ఆ పనికి కాగితం మీద హక్కు ఉంది. పని, మాట, కాగితం - ఈ మూడూ మన జీవితానికి ఎలా వర్తిస్తాయో చూద్దాం.

మాట: సూటిగా, లెక్కతో

బాగా మాట్లాడటమంటే ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం కాదు. ఎదుటివాళ్లకు పని జరిగేలా చెప్పడం. "సార్, హాస్టల్లో నీళ్ల సమస్య చాలా ఉంది, దయచేసి పరిష్కరించగలరు" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉంటుంది. "ఈ నెల 5వ తేదీ నుంచి 6 నల్లాల్లో 4 పనిచేయడం లేదు, 80 మందిమి ఉదయం బడికి ఆలస్యమవుతున్నాం, ఈ వారంలో ప్లంబర్‌ను పంపించగలరు" అని రాసి చూడండి. చదివిన అధికారికి ఏం చేయాలో తెలుస్తుంది. ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి. తేదీ, సంతకం, మనదగ్గర ఒక నకలు, దాని మీద అందినట్టు ముద్ర ఉండాలి.

ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే చాలామంది తల దించుకుంటారు. "మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ని నేనే. హాస్టల్ మెస్ కమిటీలో ఉండి రెండేళ్లు 80 మంది సరుకుల లెక్క చూశాను" అని చెప్పినవాడు బీదతనం చెప్పుకున్నట్టు కాదు. బాధ్యత మోసిన అనుభవం చెప్పినట్టు. లేనిది కల్పించవద్దు, ఉన్నది దాచవద్దు.

కాగితం: మెమో నుంచి ట్రేడ్ మార్కు దాకా

పదో తరగతి తమ్ముళ్లు జాగ్రత్తగా వినాలి. పరీక్షలకు ముందు బడి నుంచి నామినల్ రోల్స్ పంపుతారు. మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆధార్‌లో ఒకలా, మెమోలో ఇంకోలా ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర నుంచి ఉద్యోగం దాకా ప్రతిచోటా చిక్కే. మెమో వచ్చాక దిద్దించుకోవడం కంటే ముందే చూసుకోవడం ఎంతో సులువు.

షాపులు, టిఫిన్ సెంటర్లు పెట్టుకున్న పూర్వ విద్యార్థులు బోర్డు రాయించే ముందు ఆ పేరు వేరేవాళ్లు నమోదు చేసుకున్నారేమో ట్రేడ్ మార్కుల వెబ్‌సైటులో వెతకవచ్చు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. నమోదు చేసుకోవాలంటే వస్తువులు, సేవలు 45 తరగతులుగా ఉంటాయి. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 2017 నిబంధనల ప్రకారం 4,500 రూపాయల ఫీజు. ఆమోదించిన పేరును ముందు జర్నల్‌లో ప్రకటిస్తారు, అభ్యంతరం చెప్పడానికి 4 నెలల గడువు ఉంటుంది. నమోదైతే 10 ఏళ్లు హక్కు, తర్వాత పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే పేరు పక్కన సున్నాలో 'ఆర్' గుర్తు వేయడం చట్టవిరుద్ధం, 'టీఎం' అని వేసుకోవచ్చు.

ఫోన్‌లో మన పేరు

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఇప్పుడు వేలు జారినా అంతే. కోపంలో పెట్టిన ఒక మెసేజ్ తుడిచేసినా, అప్పటికే ఎవరో ఫొటో తీసి ఉంచుతారు. కాబట్టి కోపంగా ఉన్నప్పుడు రాయండి, పంపడం మాత్రం పొద్దున్నే ఆలోచించండి. ఎవరైనా మీ పాస్‌వర్డు, సంతకం వంటివి దొంగిలించి మీలా నటిస్తే, అది ఐటీ చట్టం 66సి కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పవద్దు.

చివరగా ఒక మాట. మనలో ప్రతి ఒక్కరి వెనుకా ఇంకో పేరుంది, అది మన పెద్దవూర హాస్టల్ పేరు. పోచంపల్లిలో ఒకరు నాసిరకం చీర అమ్మితే ఊరంతటికీ మాట వస్తుంది. మన దగ్గరా అంతే. బయట మనలో ఒకడు మాట తప్పితే "హాస్టల్ పిల్లలింతే" అంటారు. ఒకడు పని బాగా చేస్తే, వాడి తర్వాత వచ్చే తమ్ముడికి ఆ గుమ్మం ముందే తెరిచి ఉంటుంది. ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే, మన హాస్టల్ పేరు తల ఎత్తి చెబుదాం. ఆ పేరుకు తగిన పని చేసి చూపిద్దాం.