గిట్ కమిట్ మీద మీ పేరు ఎవరైనా రాయొచ్చు.. సంతకం మాత్రం మీరే పెట్టాలి

గిట్‌హబ్‌లో మీ పేరు, మీ ఫొటోతో ఒక కమిట్ కనిపిస్తోంది. అది మీరు చేసిందే అని గ్యారంటీ ఏంటి? నిజానికి ఏమీ లేదు. పేరు, ఈమెయిల్ గిట్ సెట్టింగ్స్‌లో మనం టైప్ చేసేవే. అక్కడ నేను మీ ఈమెయిల్ పెట్టి కమిట్ చేస్తే గిట్ ఒక్క మాట కూడా అడగదు. దాన్ని నా రిపోలోకి పుష్ చేస్తే గిట్‌హబ్ పక్కన మీ ఫొటో పెట్టేస్తుంది. పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ లాగిన్ అయ్యేవాడి కోసమే. కమిట్‌లో ఉన్న పేరుకీ వాటికీ సంబంధం లేదు.

మాది బోధన్. చెరుకు బండి మీద సుద్దతో ఎవరి పేరైనా రాయొచ్చు, లెక్క తేలేది మాత్రం కాటా చీటీతోనే. కమిట్ సైనింగ్ ఆ చీటీ లాంటిదే, ఇంకాస్త గట్టిది. తర్వాత కోడ్‌లో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు.

ఇది ఊహ కాదు. 2021 మార్చి 28న పీహెచ్‌పీ సొంత గిట్ సర్వర్‌లోకి రాస్మస్ లెర్‌డార్ఫ్, నికితా పోపోవ్ పేర్లతో రెండు కమిట్లు వచ్చాయి. టైపో సరిచేసినట్టు రాసి ఉంది, లోపల ఉన్నది బ్యాక్‌డోర్. రివ్యూలో త్వరగానే దొరికింది. తర్వాత పీహెచ్‌పీ ఆ సర్వర్ వదిలేసి గిట్‌హబ్‌కి మారింది.

ఇంట్లో కూర్చుని రిమోట్ జాబ్ వెతికే మన నిజామాబాద్ పిల్లలకి రెజ్యూమేలో గిట్‌హబ్ లింకే పెద్ద ఆధారం. దాని మీద వేరేవాళ్ల చెత్త పడితే ఎవరికని చెప్పుకుంటారు?

ఒకప్పుడు దీనికి జీపీజీ కావాలి, అదో పెద్ద తలనొప్పి. 2021 నవంబర్‌లో వచ్చిన గిట్ 2.34 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే సంతకం చేయొచ్చు. 2022 ఆగస్టు నుంచి గిట్‌హబ్ కూడా దాన్ని గుర్తిస్తోంది. కీ లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌తో ఈడీ25519 రకం కీ తయారు చేసుకోండి, పాస్‌ఫ్రేజ్ తప్పకుండా పెట్టండి. గిట్ కాన్ఫిగ్‌లో మార్చాల్సినవి మూడే: జీపీజీ ఫార్మాట్‌కి ఎస్‌ఎస్‌హెచ్ అని, యూజర్ సైనింగ్ కీకి మీ పబ్లిక్ కీ ఫైల్ ఎక్కడుందో ఆ పాత్, కమిట్ జీపీజీ సైన్‌కి ట్రూ. ఎస్‌ఎస్‌హెచ్ వాడుతూ జీపీజీ పేరెందుకంటే, పాత సెట్టింగ్ పేర్లే ఉంచేశారు.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. పుష్ కోసం అదే కీ గిట్‌హబ్‌లో ముందే ఉన్నా సరిపోదు. సెట్టింగ్స్‌లో మళ్లీ యాడ్ చేసి, కీ టైప్ దగ్గర సైనింగ్ కీ అని ఎంచుకోవాలి. కమిట్‌లోని ఈమెయిల్ కూడా మీ అకౌంట్‌లో వెరిఫై అయినదే ఉండాలి. లేదంటే గ్రీన్ వెరిఫైడ్ బ్యాడ్జ్ రాదు. తర్వాత అక్కడే విజిలెంట్ మోడ్ ఆన్ చేయండి. మీ పేరుతో వచ్చే సంతకం లేని కమిట్ల పక్కన అన్‌వెరిఫైడ్ అని పడుతుంది. నన్నడిగితే అసలు లాభం ఇదే. మీ పాత కమిట్లకీ అదే పడుతుంది, కంగారు పడొద్దు.

ఇంకోటి, కమిట్ కమాండ్‌లో చిన్న ఎస్ పెడితే సైన్డ్ ఆఫ్ బై అనే లైన్ చేరుతుంది. అది ఉత్త టెక్స్ట్, ఎవరైనా రాయొచ్చు. పీహెచ్‌పీలో పడ్డ కమిట్లలోనూ అలాంటి లైన్ ఉంది. అసలు సంతకం క్యాపిటల్ ఎస్‌తో వస్తుంది. పైన ట్రూ పెట్టాం కాబట్టి దాన్ని ప్రతిసారీ టైప్ చేయక్కర్లేదు.

సంతకం ఉందంటే కోడ్ మంచిదని మాత్రం కాదు. 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో బ్యాక్‌డోర్ పెట్టింది ఆ ప్రాజెక్ట్ మెయింటైనరే. అలాంటివాడు తన సొంత సంతకంతోనే ముంచుతాడు.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ వేసి, గిట్, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ ఇన్‌స్టాల్ చేసి ఇదంతా ఫోన్‌లోనే చేసుకోవచ్చు. కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో మాత్రం ప్రైవేట్ కీ పెట్టకండి. ఫోన్ పోతే వెంటనే గిట్‌హబ్‌లోంచి ఆ కీ తీసేసి కొత్తది పెట్టుకోండి.