చదవకుండానే ‘యెస్‌’ నొక్కేస్తున్నారా?

తాడిపత్రి: జీఎస్టీ రిటర్ను గడువు ముంచుకొస్తుంది. కంప్యూటర్‌ తెర మసకబారి ‘ఈ ప్రోగ్రాంను అనుమతిస్తారా?’ అని అడుగుతుంది. నాపరాళ్ల పాలిషింగ్‌ యూనిట్లో కూర్చున్న గుమస్తా అది చదవడు. ‘యెస్‌’ నొక్కేస్తాడు. ఆయనను తప్పుపట్టలేం. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు రిటర్నుపై డిజిటల్‌ సంతకం చేయాలి. అందుకు వాడే ‘ఎంసైనర్‌’ను అడ్మినిస్ట్రేటర్‌ హోదాలో నడపాలి. తెరిచిన ప్రతిసారీ ఈ ప్రశ్న తప్పదు.

విండోస్‌లో ఈ కాపలా 2007లో విస్టాతో జనంలోకి వచ్చింది. మనకు తెలియకుండా చొరబడే ప్రోగ్రాంను గడప వద్దే నిలపడం దీని ఉద్దేశం. తెర మసకబారేదీ అందుకే. ఆ క్షణంలో మరో ప్రోగ్రాం మన బదులు ‘యెస్‌’ నొక్కకుండా అడ్డుకుంటుంది. అయితే చీటికీమాటికీ అడగడంతో జనం విసిగిపోయారు. దీంతో 2009లో విండోస్‌ 7లో మైక్రోసాఫ్ట్‌ ప్రశ్నలను తగ్గించి, నాలుగు స్థాయిల్లో ఒకదాన్ని ఎంచుకునే వీలు కల్పించింది. విసిగినవారు అట్టడుగు స్థాయికి దించి కాపలానే మాన్పించారు.

గుమస్తాకు సాధారణ ఖాతా ఇస్తే భద్రమే. కానీ అప్పుడు ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్‌ పాస్‌వర్డ్‌ కావాలి. యజమాని క్వారీలో ఉంటే పని ఆగుతుంది. చివరకు పాస్‌వర్డ్‌ చీటీ మానిటర్‌కే అతుక్కుంటుంది!

అనుమతి పొందిన దొంగ ప్రోగ్రాం సంతకం టోకెన్‌ పిన్‌ను సైతం పసిగట్టగలదు. అందుకే కనీసం పబ్లిషర్‌ పేరున్న వరుసైనా చదవాలి. అక్కడ ‘అన్‌నోన్‌’ అని ఉన్నా, మనం తెరవని ప్రోగ్రాం అడుగుతున్నా ‘నో’ నొక్కాలి. పని కాగానే టోకెన్‌ను తీసి బీరువాలో పెట్టాలి.