నిలిచిపోయిన ఉత్తరములు

2022వ సంవత్సరము జనవరి 1వ తేదీ, శనివారము. శుభాకాంక్షలు వెల్లువగా సాగవలసిన ఆ దినమున పెక్కు దేశములలోని కార్యాలయములకు ఈ-మెయిలు ఉత్తరములు రాలేదు. పంపినవారికి ‘అందలేదు’ అను జాబైనను తిరిగి రాలేదు. ఉత్తరములను పుచ్చుకొని పంచిపెట్టు కంప్యూటరునకు సర్వరు అని పేరు. ఆ సర్వరు చూచుటకు చక్కగానే పనిచేయుచున్నది. మరి ఉత్తరములెక్కడ?

పోస్టాఫీసులో ముద్రవేయు బల్ల దాటనిదే ఏ జాబును బంట్రోతు సంచిలోనికి పోదుగదా! అట్లే కార్యాలయపు సర్వరులో ప్రతి ఉత్తరమును ఒక వరుసలో నిలిచి, యాంటీవైరసు అను కావలివాని పరీక్షకు లోబడును. అతడు దానికి జతపరచినవానిని విప్పి చూచి, హానికరమైనదేదియు లేదని పలికిన పిదపనే అది ముందునకు సాగును. అతని చేతిలో తెలిసిన దొంగల గుర్తుల పట్టిక యొకటి యుండును. అది తరచుగా మారుచుండును గాన, ప్రతి పట్టికకును ఒక సంఖ్య నిత్తురు.

చిక్కంతయు ఆ సంఖ్యలోనే యున్నది. మైక్రోసాఫ్టువారి ఎక్స్ఛేంజి సర్వరు 2016, 2019 రకములలో ఆ సంఖ్యను తేదీనిబట్టి కూర్చెడివారు. సంవత్సరపు కడపటి రెండంకెలు, నెల, దినము, ఆపై మరి నాలుగంకెలు. ఆ లెక్కన నూతన సంవత్సరపు మొదటి సంఖ్య 2201010001. దానిని నిలుపుటకు ప్రోగ్రాములో కేటాయించిన చోటు 32 బిట్లది. అందు పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 2147483647. ఇరువదియొకటితో మొదలైన నిరుటి సంఖ్యలన్నియు అందు ఇమిడినవి; ఇరువదిరెండుతో మొదలైనది ఇమడలేదు. సోలలో తవ్వెడు బియ్యము పట్టునా? కావలివాడు సొమ్మసిల్లెను. పరీక్ష కాని ఉత్తరమును లోనికి విడువరాదను నియమమున్నందున వరుస అంతయు నిలిచిపోయెను. ఇది ఏ శత్రువు చేసిన పనియు కాదు. ఏ వైరసును రాలేదు.

ఇట్టి సమయమున మొట్టమొదట విచారింపవలసిన దేమనగా, ఉత్తరము వరుసలో నున్నదా, లేక నిర్బంధపు గదిలో నున్నదా? నిర్బంధమున నున్నచో కావలివాడు మేలుకొనియే యున్నాడు, తీర్పు చెప్పినాడు. ఆ తీర్పు తప్పైనచో ఆ ఒక్క విషయమును సరిదిద్దవలెను. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థవారి యాంటీవైరసు ఇట్లే పొరపడి, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లకు ప్రాణమువంటి యొక సొంత భాగమునే దొంగయని పట్టుకొనగా ఆ యంత్రములు మాటిమాటికి ఆగి మొదలుకాసాగెను. అట్లుగాక ఉత్తరము వరుసలోనే నిలిచియున్నచో తీర్పే జరుగలేదన్నమాట. అప్పుడు సర్వరు వ్రాసికొను దినచర్యను విప్పి చూడవలెను. ఆనాడు అందు 2201010001 అను అంకెను మార్చుకొనజాలనను మొర స్పష్టముగా నుండెను. సాఫ్టువేరు తన రోగమును తానే చెప్పుకొనుట అరుదేమియు కాదు, చదువువారే అరుదు.

తక్షణోపాయముగా పలువురు కావలివానిని తప్పించి ద్వారము తెరచిరి. వారిని నేను నిందింపజాలను. ఇట్టి సర్వరు మామూలుగా రెండు దినములు ప్రయత్నించి, అటుపై ఉత్తరమును పంపినవారికే త్రిప్పి పంపును. ఆదివారము గడచి సోమవారము వచ్చుసరికి ఆస్పత్రి నివేదికయో, వేలము పాటయో వెనుకకు పోవచ్చును. అయినను తెరచిన ద్వారము గుండ ఉత్తరములతోపాటు దొంగయు రావచ్చును. అందుచేత దానిని తెరచిన వేళను, తెరచినవారి పేరును, మరల మూయవలసిన గడువును కాగితముమీద వ్రాసి గోడకు అంటింపవలెనని నా యభిప్రాయము. ఉత్తరములు కదలగానే పని తీరినదనుకొని ఇంటికి పోవుట మనుష్య సహజము.

అసలు మరమ్మతు రెండు దినములలోపలనే వచ్చెను. పాత పట్టికలను, వాని లెక్కలను తొలగించి, సేవలను మరల మొదలుపెట్టి, క్రొత్త పట్టికను తెప్పించుకొనవలెను. ఒక్క సర్వరుతో చాలదు. కార్యాలయములో ఎన్ని యున్నవో అన్నిటికిని చేయవలెను. ఆ క్రొత్త పట్టిక సంఖ్య 2112330001! తేదీగా చదివినచో 2021 డిసెంబరు 33. ఏ పంచాంగకర్తయు ఎరుగని తిథి ఇది. కాని సోలలో పట్టినది.

తిరిగి నిలిపిన కావలివాడు మేలుకొన్నాడో లేదో తెలియుటకు నిజమైన వైరసు అక్కరలేదు. ఐకార్ అను ఐరోపా సంస్థ పేర 68 అక్షరముల పంక్తి యొకటి యున్నది. అది నిరపాయకరము, యాంటీవైరసు తయారుచేయువారు దానిని వైరసుగా ఎంచుటకు ఒడంబడినారు. దానిని ఒక ఫైలుగా జతపరచి బయటినుండి కార్యాలయమునకు పంపవలెను. పంపువారి కంప్యూటరులోనే పట్టుబడినచో పరీక్ష జరిగినట్లు కాదు. గమ్యమునకు చెక్కుచెదరక చేరినచో కావలివాడింకను నిద్రలోనే యున్నాడు. ద్వారమున పట్టుబడినచో, ఇక వరుసలో మిగిలిన ఉత్తరముల సంఖ్య తగ్గుచున్నదా యని గంటకొకమారు చూచుటయే మిగిలిన పని.